నేరేడుగెడ్డ చెరువు చూడబోయిన లస్కరు

ఏడేళ్ల వయసులో ఇశ్రాయేలు ఒక కొబ్బరిబొండం వెంట పడి తప్పిపోయాడు. ఎవరో తాగి కాలవలోకి విసిరేసిన బొండం అది. మునుగుతూ తేలుతూ పోతుంటే, ఎందాకా పోతుందో చూద్దామని గట్టు మీద నడక మొదలుపెట్టాడు. రెండు వంతెనలు దాటాడు, మూడూళ్లు దాటాడు. పొద్దువాలే వేళకి గడ్డిమోపుతో వస్తున్న ఒకాయన చూసి, ఊరూ పేరూ కనుక్కుని, సైకిలెక్కించుకుని తెచ్చి ఇంటి దగ్గర దింపాడు. తల్లి వీపు మీద రెండు వేసింది. తండ్రి మాత్రం పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఇంతకీ ఎక్కడిదాకా పోయిందిరా?" అని అడిగాడు.

యాభై ఆరేళ్లొచ్చినా ఇశ్రాయేలు ఆ బాపతు మనిషే. నీళ్లు కనపడితే ఎక్కణ్ణించి వచ్చాయి, ఎటు పోతున్నాయి అన్నది తేలేదాకా కాలు నిలవదు. దేవుడు తగ్గ ఉద్యోగమే ఇచ్చాడని భార్య తెరేసమ్మ అంటూ ఉంటుంది. బెజవాడలో పటమట వైపు నుంచి ఊరు దాటి, ఇళ్లు పల్చబడి పొలాలు మొదలయ్యేచోట, కాలవ మీద ఉన్న లాకుల దగ్గర అతను లస్కరు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గేజి పలక మీద నీటిమట్టం చూసి ఆఫీసుకి ఫోను చెయ్యాలి. వాళ్లు చెప్పినంత మేర తలుపులు ఎత్తాలి, దించాలి. మరలకి గ్రీజు పెట్టాలి. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తలుపులకి అడ్డం పడితే కొక్కెం కర్రతో లాగి గట్టున పడెయ్యాలి. ముప్పై ఏళ్లుగా ఇదే పని. తలుపు కింద నీరు చేసే చప్పుడు విని, అది ఎన్ని అంగుళాలు లేచి ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు.

అతనికి స్నేహితులు కూడా ఆ నీళ్లలోంచే దొరికారు.

మొదటివాడు శేషగిరిరావు. కాలవ చివరి భూముల్లో నాలుగెకరాల వరి రైతు. పద్దెనిమిదేళ్ల కింద, చేలు ఎండిపోతున్నాయని కోపం పట్టలేక లాకుల దగ్గరికొచ్చి తలుపు తాళం పగలగొట్టాడు. వేరే లస్కరైతే పోలీసు రిపోర్టు ఇచ్చేవాడు. ఇశ్రాయేలు తాళం ముక్కలు ఏరి పక్కన పెట్టి, "నేను లెక్క ప్రకారమే వదుల్తున్నానండి. మీ దాకా ఎందుకు రావట్లేదో చూద్దాం పదండి" అని సైకిలు తీశాడు. ఇద్దరూ కాలవగట్టు వెంట మధ్యాహ్నమంతా తిరిగారు. ఒకచోట రోడ్డు కింద వేసిన గొట్టంలో తుమ్మమొద్దు ఇరుక్కుని ఉంది. దాన్ని లాగి పారేశాక మర్నాటికి శేషగిరిరావు చేలో నీరెక్కింది. అప్పట్నించి ఆయన పొద్దున్నే మోపెడ్ మీద లాకుల దగ్గరికొచ్చి టీ తాగందే పొలం వెళ్లడు.

రెండోవాడు ఫిలిప్. ఆటోనగర్‌లో లారీ కమానుకట్టలు బిగించే షెడ్డు అతనిది. ఒకసారి లాకు తలుపు మర అరిగిపోతే ఆఫీసువాళ్లు అతని చేత కొత్తది చేయించారు. బిగించడానికొచ్చిన ఫిలిప్‌ని ఇశ్రాయేలు, మరకి పళ్లు ఏటవాలుగా ఎందుకుంటాయి, నిటారుగా ఉంటే ఏమవుతుంది అని రెండు గంటలు వేధించాడు. ఇంత శ్రద్ధగా తన పని గురించి అడిగిన మనిషి ఫిలిప్‌కి అంతకుముందు తగల్లేదు. మర్నాడు పనిలేకపోయినా వచ్చాడు. తర్వాత రావడం అలవాటైంది.

పోయిన నవంబరులో ఒక ఉదయం ఫిలిప్ టీ గ్లాసు పక్కన పెట్టి ఫోను తీశాడు. అతని దగ్గరికొచ్చే లారీ ఓనరొకాయన మన్యంలోకి లోడు వేసుకెళ్లినప్పుడు తీసి పంపిన వీడియో అది. చుట్టూ కొండలు, మధ్యలో చెరువు, చెరువు మీద తెల్లగా పొగ. పొగలోంచి ఒక చిన్న పడవ ముక్కు కనపడి మళ్లీ మాయమైంది.

"లంబసింగి దాటి, చింతపల్లి దాటి లోపలికి పోవాలంట. నేరేడుగెడ్డ అని. చలికాలంలో పొద్దున్నే ఇట్లా ఉంటుందంట" అన్నాడు ఫిలిప్.

శేషగిరిరావు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "నీళ్లు కాగుతున్నట్టున్నాయే. చలికి నీళ్లు కాగడవేంటి?"

ఇశ్రాయేలు వీడియో రెండుసార్లు వేయించుకుని చూశాడు. అతనికి పొగ మీద ధ్యాస లేదు. "ఈ నీళ్లు ఎటు పోతాయి?" అన్నాడు.

"ఎటూ పోవన్నా. చెరువు గదా."

"కొండ మీద ఉన్న నీళ్లు కిందికి పోకుండా ఎట్లా ఉంటాయి ఫిలిప్పూ? ఎవరో ఒకరు ఆపుతుండాలి."

"అయితే పోయి చూద్దాం. రెండో శనివారం కలిసొచ్చేట్టు పెట్టుకుందాం. నా జీపుంది."

మాటవరసకి అన్న మాట అది. కానీ ఇశ్రాయేలు ఆ రోజు సాయంత్రం గేజి చూసి ఫోను చేసినప్పుడే, సెక్షన్ ఇంజినీరు క్రిస్టినా మేడంని సెలవు అడిగేశాడు. డిసెంబరులో కోతల కాలం, చేలకి నీరక్కర్లేదు. లాకుల దగ్గర పని తక్కువ. పై లాకు లస్కరు రెండు మూడు రోజులు చూసుకుంటానన్నాడు.

"ముప్పై ఏళ్లలో మీరు ఊరెళ్తానని సెలవడగడం ఇదే మొదటిసారంట కదండీ. ఏం పని?" అంది మేడం.

"చెరువు చూడ్డానికండి."

"రోజూ కాలవ పక్కనే ఉంటూ, సెలవు పెట్టి చెరువు చూడ్డానికా? సరే, రాయండి" అంది. గొంతులో నవ్వు వినపడింది.

ఇక ముగ్గురికీ ఏర్పాట్ల పిచ్చి పట్టుకుంది. ముగ్గురిలో ఎవరికీ స్వెట్టరు లేదు. బెజవాడలో స్వెట్టరు వేసుకోవాల్సిన రోజులు ఏడాదికి నాలుగుంటే గొప్ప. ఫిలిప్ బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు పక్కన టిబెట్ వాళ్లు పెట్టిన కొట్లో మూడు మంకీ క్యాపులు కొనుక్కొచ్చాడు. శేషగిరిరావు వాటిలో ఒకటి తల మీద పెట్టుకుని అద్దం అడిగాడు. చూసుకుని తీసేసి, కూతురి పెళ్లికి వియ్యంకుడు కప్పిన శాలువా ఉంది, అదే తెచ్చుకుంటానన్నాడు. జీపుకి బ్రేకులు సరిచూడాలా, లైట్లు మార్చాలా, ఘాట్ రోడ్డుకి ఏ టైర్లు మంచివి అని ఫిలిప్ రోజుకొక సంగతి తెచ్చేవాడు. ఇశ్రాయేలు పాత గేజి రిజిస్టరు వెనక అట్ట మీద దారి గీసుకున్నాడు. అందులో ఊళ్లకంటే ఏర్లూ కాలవలే ఎక్కువున్నాయి.

తెరేసమ్మ పటమటలో ఒక స్కూలు హాస్టల్లో వంట చేస్తుంది. నాలుగు రోజులు ఈ హడావుడి చూసి, ఐదోరోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"అక్కడికి పోయి ఏం చేస్తారు?"

"చూస్తాం."

"చూసి?"

ఇశ్రాయేలు ముద్ద కలుపుకుంటూ, "చూసి వస్తాం" అన్నాడు.

ఆవిడ పులుసు గిన్నె కింద పెట్టింది. "చలికి నోట్లోంచి పొగ వస్తుందంట గదా. మా హాస్టల్లో ఢిల్లీ వెళ్లొచ్చిన పిల్ల చెప్పింది. బీడీ తాగినట్టు వస్తుందంట. నిజమేనా?"

"తెలీదు."

"అయితే నేనూ వస్తాను. నిజమో కాదో చూస్తాను."

ఈ సంగతి స్నేహితులకి ఎలా చెప్పాలా అని ఇశ్రాయేలు ఒక పూటంతా తటపటాయించాడు. మగవాళ్లు ముగ్గురూ సరదాగా అనుకున్న ప్రయాణం. తీరా చెబితే ఫిలిప్, "వదిన వస్తే మనకి దారిలో తిండి బాధ లేదు గదన్నా" అన్నాడు. శేషగిరిరావు తను వద్దన్న మంకీ క్యాపు ఆవిడకివ్వమన్నాడు.

అంతా కుదిరిందనుకున్న వారంలో వాయుగుండం వచ్చింది.

డిసెంబరు మొదటి సోమవారం నుంచే ఆకాశం దిగింది. శేషగిరిరావు నాలుగెకరాలూ కోసి, పనలు చేలోనే పరిచి ఉన్నాయి. మంగళవారం పొద్దున ఆయన టీకి రాలేదు. ఇశ్రాయేలు ఫోను చేస్తే, "కూలీలు దొరకట్లేదు ఇశ్రాయేలూ. అందరి చేలూ ఒక్కసారే" అన్నాడు. ఆ గొంతు విని ఇశ్రాయేలు ఫిలిప్‌కి చేశాడు. తను కదలడానికి లేదు. పైనుంచి నీరు దిగుతుంటే తలుపులు వదిలి ఒక్క గంట కూడా పోకూడదు.

ఫిలిప్ షెడ్డు మూసేసి, ఆటోనగర్‌లో తెలిసిన లారీలవాళ్ల దగ్గర ఐదు టార్పాలిన్ పట్టాలు అడిగి జీపులో వేసుకుని పొలం వెళ్లాడు. తెరేసమ్మ హాస్టల్లో పొద్దుటి వంట ముగించి, పక్కింటి ఆడవాళ్లిద్దరిని వెంటబెట్టుకుని ఆటోలో వెళ్లింది. చిన్నప్పుడు కుప్పలు వేసిన చేతులు ఆవిడవి. సన్నగా చినుకు మొదలయ్యేసరికి రెండు కుప్పలు లేచాయి. మూడోది సగం వేసి పట్టా కప్పుతుంటే గాలి అందుకుంది. ఇశ్రాయేలు లాకుల దగ్గర రెండు రోజులు తడుస్తూ నిలబడి, ఆ చివరి కాలవలోకి నీరు మళ్లకుండా తలుపులు బిగించి, మిగులు నీటిని మురుగు కాలవలోకి మళ్లించాడు. గురువారం వాన తెరిపిచ్చాక చూస్తే మూడెకరాల పంట దక్కింది. ఒక ఎకరం నీళ్లలో పడి మొలకెత్తింది.

శనివారం ఎవరూ ప్రయాణం మాటెత్తలేదు. ఆ పై వారం టీ తాగుతూ శేషగిరిరావే కదిపాడు.

"క్రిస్మస్ వెళ్లాక, కొత్త సంవత్సరంలో మొదటి శనివారం ఎట్లా ఉంటుంది మీకు?"

"మీరు వస్తారా అండీ?" అన్నాడు ఇశ్రాయేలు. ఆ ఎకరం సంగతి తలుచుకుని ఆయన్ని అడగడానికే మొహమాటపడ్డాడతను.

"రాకుండా ఎట్లా? గట్టు దాటి మీద పడకుండా ఒకచోట బుద్ధిగా కూచున్న నీళ్లు ఎట్లా ఉంటాయో చూసి తీరాలి నేను."

జనవరి మొదటి శుక్రవారం ఉదయం గేజి చూసిన వెంటనే జీపు కదిలింది. ముందు సీట్లో శేషగిరిరావు, వెనక ఇశ్రాయేలు, తెరేసమ్మ, పులిహోర డబ్బా, జంతికల డబ్బా, రెండు దుప్పట్లు. మధ్యాహ్నానికి నర్సీపట్నం చేరొచ్చని ఫిలిప్ లెక్క. కానీ ఏ కాలవ అడ్డొచ్చినా ఇశ్రాయేలు ఆపమనేవాడు. ఏలూరు దగ్గర ఆపించాడు. గోదావరి వంతెన దాటగానే పక్కకి ఆపించి, అవతలి గట్టు కనపడీ కనపడని ఆ వెడల్పు చూస్తూ పావుగంట నిలబడ్డాడు. తుని దాటాక ఏరొకటి కనపడితే, ఇసక తప్ప నీళ్లు లేకపోయినా దిగి చూశాడు.

"అన్నా, ఇందులో ఏముందని?" అన్నాడు ఫిలిప్.

"నీళ్లు అడుగున పోతున్నాయి. ఆ చెలమలో చూడు, కదుల్తుంది."

ఫిలిప్ దిగి చూశాడు. నిజమే, కదులుతోంది. ఆ తర్వాత సణగలేదు. నర్సీపట్నం చేరేసరికి సాయంత్రమైంది. అక్కడే లాడ్జిలో పడుకుని, తెల్లవారుజామున ఐదింటికి ఘాట్ ఎక్కారు.

మలుపు తిరిగినకొద్దీ చలి పెరిగింది. లంబసింగి దగ్గర రోడ్డుకి రెండు పక్కలా కార్లు, ఫోటోలు తీసుకునే కుర్రకారు. వీళ్లు అక్కడ ఆగలేదు. చింతపల్లి దాటి, కాఫీ తోటల మధ్య నుంచి మట్టిదారి పట్టేసరికి వెలుతురొచ్చింది. ఒకచోట దారి అడగడానికి జీపు ఆపినప్పుడు తెరేసమ్మ కిందికి దిగి, శాలువా దించి, నోరు సున్నాలా చుట్టి ఊదింది. తెల్లటి పొగ వచ్చింది. మళ్లీ ఊదింది. మళ్లీ వచ్చింది.

"పొడుగ్గా ఊదితే తక్కువ వస్తుంది. 'హా' అంటే ఎక్కువ వస్తుంది" అని చెప్పింది తిరిగొచ్చి కూర్చుంటూ. ముగ్గురు మగవాళ్లూ కాసేపు అదే పనిలో పడ్డారు. శేషగిరిరావు కళ్లద్దాలు మసకబారాయి.

చెరువుగట్టు ఎక్కేసరికి ఏడు దాటింది. ఎక్కి చూస్తే ఏమీ లేదు. తెలుపు. కాళ్ల కింద గట్టు తప్ప, చెరువు లేదు, కొండలు లేవు, పది అడుగుల అవతల ఏదీ లేదు. మంచు అంత దట్టంగా ఉంది.

"ఇంత దూరమొచ్చి ఇదా చూడాల్సింది?" అన్నాడు శేషగిరిరావు శాలువాలోంచి.

"ఎండెక్కితే విడుతుందిలెండి" అన్నాడు ఫిలిప్.

ఇశ్రాయేలు తల ఒక పక్కకి వంచి వింటున్నాడు. ఎడమచేతి వైపు, దూరంగా, నీళ్లు పడుతున్న చప్పుడు. సన్నగా మొదలై మధ్యలో చీలుతోంది. "తూముంది. తలుపు మూడంగుళాలు లేచుంది. సరిగ్గా లేవలేదు, ఒక పక్క ఒరిగింది" అన్నాడు. అని ఆ చప్పుడు వెంట నడిచాడు. మిగతా ముగ్గురూ అతని వెనక, ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ నడిచారు.

గట్టు మీద చిన్న సిమెంటు దిమ్మె, దాని మీద ఇనుప మర, తిప్పుడు చక్రం. పక్కనే మూడు రాళ్ల పొయ్యి ముందు ఒక ఆడమనిషి కూర్చుని చేతులు కాచుకుంటోంది. నలభై అయిదేళ్లుంటాయి. ఆవిడ పేరు రావమ్మ అని తర్వాత తెలిసింది. మంచులోంచి టోపీలూ శాలువాలూ కప్పుకున్న మనుషులు నలుగురు వచ్చేసరికి లేచి నిలబడింది.

"ఎవరు బాబూ? ఆపీసోలా?"

"కాదమ్మా. బెజవాడ నుంచి చెరువు చూడ్డానికొచ్చాం. నేను కూడా మీలాగా తలుపులు తిప్పేవాణ్ణే, కాలవ మీద" అన్నాడు ఇశ్రాయేలు. "ఈ తలుపు సరిగ్గా మూసుకోవట్లేదు కదా?"

రావమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నీకెలా తెలిసింది?"

"వినపడింది."

ఆవిడ మళ్లీ కూర్చుని, వాళ్లనీ కూర్చోమంది. తూము పని ఆవిడ భర్తది. చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకుని మంచాన ఉన్నాడు. వానాకాలం నుంచి ఆవిడే తిప్పుతోంది. "రెండు నెల్లయింది బాబూ. నలుగురు మొగోలొచ్చి తొక్కిపెట్టినా దిగట్నేదు. ఇలాగ కారిపోతే ఎండలు ముదిరీసరికి సెరువులో ఏటీ మిగల్దు. దిగువ మా ఊరోల మడులే ఉన్నాయి."

"తొక్కితే దిగదమ్మా. తలుపు కింద ఎడంపక్క ఏదో ఇరుక్కుంది. ముందు పూర్తిగా ఎత్తాలి. ఆ తోపుకి అది కొట్టుకుపోతుంది. తర్వాత దించాలి."

రావమ్మ మొహం మారింది. "ఎత్తాక దిగకపోతే? సెరువు సెరువంతా పోద్ది."

ఆ మాట నిజం. ఇశ్రాయేలు కూడా అదే ఆలోచిస్తున్నాడు. మూడంగుళాల కారుడు ఆపబోయి చెరువునే ఖాళీ చేస్తే, ఆ ఊరి ముందు తలెత్తుకునేది లేదు. చక్రం మీద చెయ్యి వేసి కొంచెం కదిపి చూశాడు. మర నిండా తుప్పు. ఫిలిప్ వంగి వేలితో గీకి, "పళ్లు బాగానే ఉన్నాయన్నా. పైన పట్టిన తుప్పే. జీపులో గ్రీజుంది, ఇనప బ్రష్షుంది" అన్నాడు.

"ముందు మర శుభ్రం చేద్దాం. పావు చుట్టు ఎత్తి, పావు చుట్టు దించి చూద్దాం. అది దిగితే అర చుట్టు. ప్రతిసారీ దిగితేనే ముందుకి పోదాం. మీరే తిప్పండమ్మా, నేను చెప్తుంటాను. మీకెక్కడ వద్దనిపిస్తే అక్కడ ఆపేద్దాం" అన్నాడు ఇశ్రాయేలు.

రావమ్మ కొంతసేపు మంచులోకి చూసి, కొంగు నడుముకి చుట్టుకుంది.

అక్కణ్ణించి ఎవరికీ చలి తెలీలేదు. ఫిలిప్ బ్రష్షుతో మర గీకి, డీజిలు పోసి తుడిచి, గ్రీజు పట్టించాడు. శేషగిరిరావు వియ్యంకుడి శాలువా మడిచి పక్కన పెట్టి, చక్రంలో ఇనుప గొట్టం దూర్చి రావమ్మతో పాటు లాగాడు. పావు చుట్టు పైకి, పావు చుట్టు కిందికి. అర చుట్టు పైకి, అర చుట్టు కిందికి. ఇశ్రాయేలు దిమ్మె మీద బోర్లా పడుకుని, చెవి ఇనుప కడ్డీకి ఆనించి వింటున్నాడు. "ఇంకో చుట్టు... ఆగండి. దించండి. దిగింది. ఇప్పుడు రెండు." పొయ్యి దగ్గర తెరేసమ్మ ఒక గిన్నెలో టీకి నీళ్లు మరగబెడుతూ వీళ్లని అప్పుడప్పుడూ చూస్తోంది.

ఎనిమిదో చుట్టుకి కింద నీళ్ల హోరు పెరిగింది. పదో చుట్టుకి గట్టు కాళ్ల కింద సన్నగా వణికింది. రావమ్మ చేతులు ఆపేసింది.

"ఇంకొక్కటేనమ్మా" అన్నాడు ఇశ్రాయేలు. చెవి కడ్డీకి ఇంకా గట్టిగా ఆనించాడు.

పదకొండో చుట్టు తిరిగింది. హోరులో ఏదో బరువైనది గోడకి తగిలి దొర్లిన చప్పుడు. తూము దిగువన కాపలా ఉన్న ఫిలిప్ కేక పెట్టాడు. "వచ్చిందన్నా. మొద్దు. గోనెసంచి కూడా చుట్టుకునుంది."

"దించండి" అన్నాడు ఇశ్రాయేలు.

దిగింది. గ్రీజు పట్టిన మర మీద చక్రం సులువుగా తిరిగింది. హోరు తగ్గింది, ధార అయింది, కారుడు అయింది, ఆగింది. రెండు నెలలుగా రాత్రింబగళ్లు వినపడుతున్న చప్పుడు ఒక్కసారి పోయేసరికి రావమ్మ ఏదో పడిపోయినట్టు అటూ ఇటూ చూసింది. తర్వాత చక్రం మీద తల ఆనించి కాసేపు అలాగే ఉంది.

ఆ నిశ్శబ్దంలోనే వాళ్లు తలెత్తారు. ఎండ వచ్చి చాలాసేపయినట్టుంది. మంచు ఎక్కడా లేదు. కళ్ల ముందు చెరువు, కొండలు, కొండల నీడ తలకిందులుగా నీళ్లలో. అవతలి ఒడ్డున ఒక పడవ కట్టేసి ఉంది. అన్నీ స్పష్టంగా, ఎప్పట్నించో అక్కడే ఉన్నట్టు ఉన్నాయి.

"ఎప్పుడు విడింది?" అన్నాడు శేషగిరిరావు.

ఎవరికీ తెలీదు. తెరేసమ్మ గట్టు అంచున కూర్చుని, రెండు చేతుల మధ్య టీ గ్లాసు పట్టుకుని చెరువు వైపు చూస్తోంది. ఆవిడ ఒక్కతే చూసింది.

ఆ పూట రావమ్మ ఇంట్లో రాగి అంబలి తాగారు, మామిడి అల్లం వేసి చేసిన పచ్చడి తిన్నారు. మంచం మీద ఉన్న ఆవిడ భర్తకి ఇశ్రాయేలు తూము సంగతంతా వివరంగా చెప్పాడు. ఆయన మొద్దు తెప్పించుకుని చూశాడు. మధ్యాహ్నం నీళ్లు ఎటు పోతాయో చూద్దామని మడుల వెంట పారే వాగు, వాళ్ల మాటలో గెడ్డ, పట్టుకుని నడిచారు. రెండు కొండల సందు దగ్గర గెడ్డ బండల మధ్యకి దూకింది. "ఆ పక్కకి నేనెప్పుడూ ఎల్లనేదు బాబూ" అంది రావమ్మ. శేషగిరిరావు మోకాళ్లు కూడా ఇక వద్దన్నాయి. ఈసారికి మంచు విడడమైనా చూడాలని, ఆ రాత్రి రావమ్మ ఇంట్లోనే పడుకుని, ఆదివారం తెల్లారకముందే మళ్లీ గట్టెక్కి వరసగా కూర్చున్నారు. ఆకాశంలో చుక్కలు కనపడుతున్నాయి. గాలి వేస్తోంది. చెరువు మీద మంచు అన్న మాటే లేదు.

"గాలేసిన నాడు రాదు" అంది రావమ్మ. "నిన్నొచ్చింది."

చింతపల్లి చర్చిలో ఉదయం పూజ చూసుకుని దిగుదామని తెరేసమ్మ అంది. అలాగే చేశారు. ఘాట్ రోడ్డు సగం దిగాక ఇశ్రాయేలు ఇక ఆగలేకపోయాడు.

"అంచుల్నించి విడిందా, మధ్యలోంచా?"

"ఏది?" అంది తెరేసమ్మ.

"నిన్న మంచు."

ఆవిడ బయటికి చూస్తూ ఆలోచించింది. ఫిలిప్ వినడానికి జీపు నెమ్మది చేశాడు.

"విడలేదండి. నడిచింది. ముందు అవతలి ఒడ్డున కొండ కొస ఒక్కటి కనపడింది. అక్కణ్ణించి మంచు లేచి, గొర్రెల మంద కదిలినట్టు, నీళ్ల మీద ఇటు రావడం మొదలుపెట్టింది. అది వచ్చినంత మేర వెనక నీళ్లు బయటపడుతున్నాయి, నల్లగా. తర్వాత మీ మీదికి వచ్చింది."

"మా మీదికా?"

"మీ మీద నుంచే పోయింది. కాసేపు మీరెవరూ కనపళ్లేదు. 'పావు చుట్టు, పావు చుట్టు' అని మీ గొంతు మాత్రం వినపడింది. తర్వాత గట్టు దాటి మడుల్లోకి దిగింది."

ఇశ్రాయేలు చొక్కా వీపు తడిసి ఉండడం గుర్తు చేసుకున్నాడు. చెమటనుకున్నాడు. "నాకు తెలీనే లేదే" అన్నాడు.

"మరి మీరు చెవి ఇనప కడ్డీకి ఆనించారు గదా."

శేషగిరిరావు నవ్వాడు. ఫిలిప్, నల్లగా అంటే ఎంత నల్లగా వదినా, అని అడిగాడు. తెరేసమ్మ చెప్పడం మొదలుపెట్టింది. తుని దాకా చెప్పింది. నీళ్ల మీద ఎండ ఎక్కడ ముందు పడిందీ, పక్షి ఏదో ఎటు ఎగిరిందీ, పొయ్యి పొగ మంచులో కలిసినప్పుడు ఏ రంగు వచ్చిందీ. ఇంట్లో ముప్పై ఒక్కేళ్లుగా ప్రశ్నలు అడిగేది ఇశ్రాయేలైతే, తెలీదని చెప్పేది తెరేసమ్మ. ఈ ఒక్క విషయంలో తెలిసింది ఆవిడకే. అతను అడిగినకొద్దీ ఆవిడకి ఇంకా గుర్తొచ్చింది.

సాయంత్రం ఆరింటి గేజి పై లాకు లస్కరే చూశాడు. వీళ్లు ఇంటికి చేరేసరికి ఏడున్నరైంది. తెరేసమ్మ సంచీ కింద పెట్టకుండానే ఫోను తీసి, క్షేమంగా వచ్చామని రావమ్మకి చెప్పింది. నీళ్లు ఆగాయా, మళ్లీ కారుతున్నాయా అని అడిగింది. ఆగే ఉన్నాయంట. అది విని ఇశ్రాయేలు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఫోను పెట్టే ముందు ఆడవాళ్లిద్దరూ మరో పావుగంట మాట్లాడుకున్నారు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి రమ్మని తెరేసమ్మ పిలిచింది. వస్తే మీ కాలవ చూపిస్తావా అని రావమ్మ అడిగింది.